కొబ్బరి తోటలో కర్ర కొట్టుగది: ఏ భాగానికి ఏ కలప వాడాలి

శ్రీకాకుళం జిల్లా కవిటికి దగ్గరలో ఉన్న మీ కొబ్బరి తోటలో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కర్ర గది కట్టుకుని, అందులో మోటారు సామాను, మందు కొట్టే స్ప్రేయరు, పారలు, గునపాలు, ఎరువు బస్తాలు, దింపిన కాయలు పెట్టుకోవాలని మీరు రాశారు. ఇంతకుముందు సరుగుడు గుంజలు పాతి వేసిన పాక నాలుగో ఏటికే ఒరిగిపోయిందని చెప్పి, ఈసారి టేకు వేస్తే నిలుస్తుందా, గోడలకు ప్లైవుడ్ పనికొస్తుందా, కప్పుకు ఏ రేకు మంచిది, తుఫానుకు పడిన కొబ్బరి మొద్దులు కోయించి వాడుకోవచ్చా అని అడిగారు. నేను వడ్రంగుల ఇంట పుట్టినవాడిని. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం వరకు, ఇటు బొబ్బిలి, పార్వతీపురం వైపు కూడా ముప్పై ఏళ్లుగా ఇలాంటి గదులు కడుతున్నాను. ఏ కలప కొనాలన్న ప్రశ్నకు ముందు, గదిలో ఏ భాగం తడుస్తుంది, తడిసిన భాగం ఎంతసేపటికి ఆరుతుంది అన్నది తేల్చుకోవాలని నా అనుభవం చెబుతున్నది. అందుకే కలప పేర్లతో కాకుండా నేల దగ్గర నుంచి మొదలుపెడతాను.

వాన పడినంత మాత్రాన కర్ర చెడదు. తడిసి ఆరకుండా ఉండిపోయిన కర్రే చెడుతుంది. ఆరిన కర్ర బరువులో సుమారు 20 శాతానికి మించి తేమ లోపల నిలిచిపోయినప్పుడు శిలీంధ్రం పట్టి కర్రను తినడం మొదలుపెడుతుంది, మెత్తబడిన ఆ కర్రను వెతుక్కుంటూ చెద కూడా వస్తుంది. మీ పాత పాకలో పెరికిన గుంజ ఒకటి ఇంకా తోటలో పడి ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. నేలకు రెండడుగుల పైన గట్టిగానే ఉంటుంది. లోతుగా పాతిన చివర కూడా చాలాసార్లు కొంత గట్టిగానే ఉంటుంది. నేల మట్టం దగ్గర జానెడు మేర మాత్రం బొటనవేలితో నొక్కితే దిగబడుతుంది, గోటితో గీరితే తడిసిన అటుకుల్లా పొరలు పొరలుగా ఊడివస్తుంది. కర్రను తినే శిలీంధ్రానికి తడి, గాలి రెండూ కావాలి, ఆ రెండూ కలిసే చోటు సరిగ్గా ఆ జానెడే. పైన గాలి తగిలి ఆరిపోతుంది, లోతున గాలి చాలదు. మీ పాక ఒరిగింది సరుగుడు వల్ల మాత్రమే కాదు. అక్కడ టేకు పాతినా కొన్నేళ్లు ఆలస్యంగా అదే జరిగేది.

కనుక ఈసారి నేలలో కర్ర పాతవద్దు. మన జిల్లాలో రాయికి కొదవ లేదు. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు క్వారీల దగ్గర పలకలకు పనికిరాని ముక్కలు, కంచెకు వాడే రాతి స్తంభాలు దొరుకుతాయి. ఎనిమిది గుంజలకు ఎనిమిది గుంతలు తీసి, అడుగున్నర చదరంగా, రెండున్నర అడుగుల లోతున కాంక్రీటు పోయించి, నేలకు అడుగు ఎత్తు వరకు రాతి దిమ్మెను లేపండి. దిమ్మె పక్కగా కాంక్రీటులోకి దింపిన జింకు పూత ఇనుప పట్టీలు పైకి రెండు చెవుల్లా నిలబడాలి. వాటి మధ్య అడుగు దూలం, అంటే గోడ అడుగున చుట్టూ తిరిగే దూలం, గుంజ కూర్చుని, అడ్డంగా బోల్టులతో బిగుసుకోవాలి. దూలం కింది ముఖం రాయికి నేరుగా ఆనకుండా మధ్యలో చిన్న ఇనుప బిళ్ల పెట్టి అర అంగుళం సందు వదలండి. ఆ సందులో గాలి ఆడుతుంది, చెద మట్టిగూడు కడుతూ పైకి వస్తే మీ కంటికి కనబడుతుంది.

రెండున్నర అడుగుల లోతు ఎందుకని మేస్త్రీ అడుగుతాడు, ఎందుకంటే ఇంత చిన్న గది బరువును మోయడానికి అంత పునాది అక్కరలేదు. అది బరువు మోయడానికి కాదు, గదిని నేలకు పట్టి ఉంచడానికి. గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖపట్నానికి ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. చూరుతో కలిపి మీ కప్పు 20 చదరపు మీటర్లు ఉంటుంది కనుక, గాలి దాన్ని పైకి పీల్చే బలం మోటు లెక్కన మూడు టన్నుల దాకా పోవచ్చు. రేకుల బరువు మాత్రం 100 కిలోలకు అటూ ఇటూ. పైన చెప్పిన కొలతతో ఒక్కో పునాది దిమ్మె సుమారు 380 కిలోలు తూగుతుంది, ఎనిమిదీ కలిస్తే మూడు టన్నులు. మీ ఉద్దానం ప్రాంతపు ఇసుక నేల వదులుగా ఉండి పట్టు ఇవ్వదు కాబట్టి ఈ బరువును నేను తగ్గించను.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అంతకు రెండేళ్ల ముందు మందస వైపు ఒక జీడితోటలో నేనే కట్టిన గదిని దారులు తెరుచుకున్నాక వెళ్లి చూశాను. గుంజలు, గోడలు చెక్కుచెదరలేదు. కప్పు మాత్రం వాసాలతో సహా లేచి పక్క తోటలో బోర్లా పడింది. గోడ మీది పై దూలంలో మేకులు దిగిన బెజ్జాలు గుండ్రంగా, శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా కర్ర చీలలేదు, విరగలేదు, మేకులే సూటిగా ఊడి వచ్చాయి. అంత మంచి మద్ది కర్ర కొనిపించి, వాసాన్ని దూలానికి నాలుగు అంగుళాల మేకు ఒక్కదాని మీద నిలబెట్టాను. ఆ తప్పు నాది. అప్పటి నుంచి ప్రతి వాసాన్నీ దూలం మీదుగా చుట్టి వచ్చే ఇనుప పట్టీతో, రెండు వైపులా బోల్టులతో కడుతున్నాను. మీరు టేకు మీద పెట్టదలచిన డబ్బులో కొంత తీసి ఈ పట్టీల మీద, బోల్టుల మీద పెడితే గదికి ఎక్కువ ఆయుష్షు వస్తుంది.

ఇక కలప. మీ కొలతకు నేను వేసిన లెక్క ఇది. చుట్టూ 44 అడుగుల అడుగు దూలం 4 అంగుళాల చదరంలో సుమారు 5 ఘనపు అడుగులు. ఎనిమిది అడుగుల గుంజలు ఎనిమిది, అదే చదరంలో, 7 ఘనపు అడుగులు. పై దూలం 4కు 3 అంగుళాల్లో 4 కంటే కొంచెం తక్కువ. వాసాలు 3కు 2 అంగుళాల్లో, రెండడుగులకు ఒక జత చొప్పున ఏడు జతలు, 4 పైచిలుకు. రేకులు బిగించే పెండెలు 3 పైచిలుకు. అంతా కలిపి 23, తరుగుతో 26 ఘనపు అడుగులు. గోడ పలకలకు ముప్పావు అంగుళం మందమే అనుకున్నా ఇంకో 21 ఘనపు అడుగులు కావాలి. అంటే కలపలో దాదాపు సగం గోడలకే పోతుంది, గదిని నిలబెట్టే అడుగు దూలం, గుంజలు మాత్రం 12 ఘనపు అడుగులే. ఖరీదైన చేవ కర్ర, అంటే చెట్టు నడుమ ముదిరిన గట్టి కర్ర, ఆ పన్నెండుకే కొనండి. మిగతాది తేలిక కర్రతో, సరైన మందుతో నెట్టుకురావచ్చు.

అడుగు దూలానికి, గుంజలకు నా మొదటి ఎంపిక నల్లమద్ది. బరువైనది, గట్టిది, చేవ తేలిన కర్రకు చెద త్వరగా పట్టదు. త్వరగా ఆరబెడితే మాత్రం కొసల దగ్గర పగులుతుంది కనుక నీడలోనే ఆరనివ్వాలి. గుగ్గిలం, అంటే డిపోల్లో సాల్ అని అమ్మే కర్ర, దానికి తగ్గదు. మన తూర్పు కనుమల్లో సహజంగా పెరిగే చెట్టే అయినా, ఇప్పుడు డిపోల్లో ఆ పేరుతో బయటి దేశాల కర్ర కూడా అమ్ముతున్నారు. అందుకే పేరు కాకుండా ముక్క కోయించి చేవ చూసి కొనాలి. నల్లతుమ్మ చేవ కూడా మంచిదే కానీ ఎనిమిది అడుగుల సూటి గుంజ దొరకడం కష్టం. చేవ నిండిన ముసలి తాటిచెట్టు దొరికితే, చీల్చి లోపలి మెత్తని గుంజు తీసేసిన దూలాలు ఉప్పుగాలికి, తడికి బాగా తట్టుకుంటాయి. మన పెద్దల పాకల్లో నిట్రాడు, వాసాలు తాటివే అయి ఉండడం ఊరికే కాదు.

ఉద్దానంలో ఉంటూ పనసను మరచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పసుపు తేలిన పనస చేవకు చెద భయం తక్కువ, ఆరిన తర్వాత వంకరలు పోదు, పనిముట్టుకు సుఖంగా లొంగుతుంది. మీ తోటలోనో, తెలిసినవారి తోటలోనో కాపు తగ్గిన పాత పనస ఉంటే తలుపు చట్రానికి, పై దూలానికి దాన్ని మించినది కొననక్కరలేదు. కొట్టే ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి విషయం అటవీ శాఖ సెక్షను కార్యాలయంలో అడిగి తెలుసుకోండి, లేకపోతే కోత మిల్లుకు తోలే దారిలోనే చిక్కు వస్తుంది.

టేకు గురించి ఒక్క మాట వివరంగా చెప్పాలి. టేకు మన్నిక అంతా చేవలో ఉంది, చుట్టూ ఉండే తెల్లచెక్కలో కాదు. గట్ల మీద పెంచి పన్నెండు, పదిహేనేళ్లకు కొట్టిన టేకులో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ. ఆ తెల్లచెక్కను చెద మామిడి చెక్కను తిన్నట్టే తింటుంది. నాలుగు అంగుళాల గుంజ కొనేటప్పుడు కొసను నీటితో తుడిచి చూడండి. మధ్యలో బంగారు గోధుమ రంగు ఎంత, అంచుల్లో పాలిపోయిన తెలుపు ఎంత అన్నది వెంటనే తేలుతుంది. నాలుగు మూలల్లోనూ తెలుపు ఉంటే టేకు ధర పెట్టకండి. ముదురు చేవ టేకు అందితే తలుపుకు వాడండి, రోజూ తెరిచి మూసే చోట దాని తేలికతనం, వంగని గుణం నిజంగా ఉపయోగపడతాయి.

గోడ పలకలకు మామిడి, వేప, జామాయిల్ మూడూ చవకే. వీటిలో వేప మేలు, కాస్త మెలిక పడుతుంది కానీ పురుగు తక్కువ. జామాయిల్ పీచు మెలి తిరిగి ఉంటుంది కనుక పలక కోసిన నెలకే వంకర పోతుంది. మామిడికి పుచ్చు, కుళ్లు రెండూ త్వరగా వస్తాయి, కానీ మందు బాగా పీలుస్తుంది. ఆ గుణమే మనకు పనికొస్తుంది. కోత మిల్లు నుంచి పచ్చిగా వచ్చిన పలకలను వంద లీటర్ల నీటిలో 2 కిలోల బోరిక్ ఆమ్లం, 3 కిలోల బోరాక్స్ కలిపిన తొట్టిలో ముంచి, తడిగానే దొంతర పేర్చి టార్పాలిను కప్పి మూడు వారాలు ఉంచండి. పచ్చి కర్రలోని నీటి ద్వారానే మందు లోపలికి పాకుతుంది, ఎండిన కర్రకు పైన పూస్తే అంత లోతుకు పోదు. తర్వాత పలకకూ పలకకూ మధ్య అంగుళం బద్దెలు పెట్టి నీడలో ఆరబెట్టాలి. పూర్వం చెరువులో నెలల తరబడి కర్రను, వెదురును నానబెట్టేవారు. అందులోని పిండి పదార్థం నీటిలోకి దిగిపోతే పుచ్చుపురుగుకు తిండి ఉండదు. అది మంచి పద్ధతే కానీ చెదను పూర్తిగా ఆపదు. బోరాక్స్ మందుకూ ఒక లోటు ఉంది: వాన నేరుగా కొడుతూ ఉంటే కొన్నేళ్లకు కడుక్కుపోతుంది. అందుకే పై పూత తప్పనిసరి.

ఆ పై పూతకు మన పలాసలోనే ఒక వస్తువు ఉంది. జీడిపిక్కల పెంకు నుంచి తీసే నూనెను పడవల కర్రకు పూసే అలవాటు పాతది. అది కర్రలోకి ఇంకి, గాలికి గట్టిపడి, చెదకూ తడికీ అడ్డుగా నిలుస్తుంది. చర్మానికి తగిలితే బొబ్బలు లేస్తాయి కనుక చేతులకు రబ్బరు తొడుగులు, మోచేతుల దాకా బట్ట లేకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. గది లోపలి ముఖానికి, చేతులు తగిలే తలుపుకు అది వద్దు. అక్కడ అవిసె నూనె రెండు పూతలు చాలు. మోటారు బండ్ల పాత ఇంజను నూనె పూయమని చాలామంది చెబుతారు. అది కర్రను నల్లగా చేస్తుంది తప్ప శిలీంధ్రాన్ని ఆపదు, పైగా మీ బావి ఉన్న ఇసుక నేలలోకి దిగుతుంది. పచ్చి కర్రకు తారు పూయడం ఇంకా పెద్ద పొరపాటు, లోపలి తేమకు బయటికి దారి మూసివేసి మనమే కర్రను కుళ్లబెట్టినట్టు అవుతుంది.

కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. దొంతర మధ్య పలక నుంచి ఒక అడుగు ముక్క కోసి వంటింటి తక్కెడలో తూచి, దాని మీదే బరువు రాసి, మళ్లీ దొంతరలోనే పెట్టండి. వారానికొకసారి తూచి కింద కింద రాస్తూ పోతే, వరుసగా రెండు వారాలు బరువు మారనప్పుడు ఆ పలకలు మన గాలికి తగినంత ఆరినట్టు. అంగుళం లోపు పలకలకు మన ఎండల్లో మూడు నాలుగు నెలలు పడుతుంది. నాలుగు అంగుళాల గుంజ ఏడాదికి కూడా నడిమధ్యన పూర్తిగా ఆరదు కాబట్టి, కోసి కొంతకాలం గడిచిన గుంజలనే డిపోలో అడగండి.

పలకలు ఆరు అంగుళాల కంటే వెడల్పు వద్దు. కర్ర పొడవునా దాదాపు మారదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. అడ్డంగా ఒకదాని మీద ఒకటి అంగుళం ఎక్కేలా పలకలు వేసి, ఒక్కో పలకను కింది అంచు దగ్గర మాత్రమే మేకుతో పట్టించి, పై అంచును పై పలక కింద వదిలేస్తే అది తన ఇష్టం వచ్చినట్టు కదులుతుంది. రెండు అంచులూ బిగిస్తే నడిమధ్యన చీలుతుంది. గోడ కింద ఆరు అంగుళాలు నేల నుంచి ఖాళీగా ఉండాలి, చూరు కింద కూడా వలతో మూసిన సందు ఉండాలి. యూరియా గాలిలోని తేమను పీలుస్తుంది. పొటాష్ ఉప్పు జాతి, తేమ తగిలితే ఇనుమును తినేస్తుంది. గాలి ఆడని గదిలో ఎరువు బస్తాలు పెడితే ముందు తుప్పు పట్టేవి మీరు గోడకు కొట్టిన మేకులే. బస్తాలను వెదురు తడక బల్ల మీద, గోడకు జానెడు దూరంగా పెట్టుకోండి. మోటారు స్టార్టరు ఎదుటి గోడకు ఉండాలి.

మేకులు, బోల్టులు, మడతబందుల మీద తీరానికి దగ్గర ఉన్నవారు పొదుపు చేయకూడదు. వేడి జింకులో ముంచి పూత వేసినవి తీసుకోండి, మెరిసే పలుచటి పూతవి రెండో వానాకాలానికే ఎర్రబడతాయి. తలుపుకు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు బందులు వేయండి. మద్ది, తుమ్మ వంటి కర్రల్లోని వగరు పదార్థం మామూలు ఇనుముతో తడిలో కలిస్తే నల్లమరకలు పడి మేకు చుట్టూ కర్ర బలహీనమవుతుంది.

కప్పుకు అర మిల్లీమీటరు మందం గల జీఐ రేకు, చదరపు మీటరుకు 275 గ్రాముల జింకు పూత ఉన్నది అడగండి. డిపోలో ముందుగా చూపేది 120 గ్రాముల పూత రేకు, ఉప్పుగాలికి అది చాలదు. సిమెంటు రేకులు వద్దంటాను. వాటిలో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటే కోసినప్పుడు, విరిగినప్పుడు ఆ నార ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, కొబ్బరి తోటలో కాయ పడి రేకు విరగడం రోజూ జరిగే పని. పెంకులు గాలికి లేచి ఎగురుతాయి. కప్పు వాలు 22 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాలి. మరీ చదునుగా ఉన్న కప్పునే గాలి ఎక్కువ పీలుస్తుంది. గోడలకు వాన తగలకుండా చూరు మూడడుగులు దించాలని అనిపిస్తుంది, కానీ పొడవైన చూరు గాలికి పిడిలా దొరుకుతుంది కనుక అడుగున్నర దగ్గర ఆపండి. మీ వడ్రంగికి చేతనైతే నాలుగు వైపులా వాలే కప్పు కట్టించండి, అది తుఫానుకు ఇంకా మంచిది. రేకును హుక్కు బోల్టులతో, రబ్బరు వాషర్లతో బిగించి, చూరు అంచుల్లోనూ కొప్పు దగ్గరా మూలల్లోనూ మధ్యలో వేసిన దానికి రెట్టింపు బోల్టులు వేయించండి, ఎందుకంటే రేకు లేవడం ఎప్పుడూ అంచు నుంచే మొదలవుతుంది. గోడ చట్రాల్లో ప్రతి మూలా ఏటవాలు కర్ర ఒకటి పడాలి.

ప్లైవుడ్ మాటకు వస్తే, ఐఎస్ 303 అని ముద్ర ఉన్నవాటిలో మామూలు రకం ఇంటి లోపలి పనికి చేసినది, బయటి గోడకు ఒక్క వానాకాలంలోనే పొరలు విడిపోతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం జిగురు నీటికి తట్టుకుంటుంది కానీ, కోసిన అంచులకు రంగు దట్టంగా పట్టించకపోతే అంచు నుంచే చెడుతుంది. ఆ ధరకు పలకలే నయం. నేలకు పలకలు అక్కరలేదు, గది మధ్య అంతా ఇటుక పరిచి సిమెంటు పూత వేయిస్తే బస్తాల బరువుకు అదే సుఖం.

చివరగా మీ కొబ్బరి మొద్దులు. వాడుకోవచ్చు, కానీ చెట్టు మొత్తాన్నీ ఒకే కర్రగా చూడకూడదు. కొబ్బరిలో గట్టితనం మొదట్లో, పైబెరడు కింద ఉంటుంది. నడిమధ్యకూ తలవైపుకూ పోయేకొద్దీ మెత్తబడుతుంది. ముసలి చెట్టు మొదటి పదిహేను, ఇరవై అడుగుల్లో బయటి మూడు అంగుళాల ముదురు గోధుమ భాగం మాత్రమే కోయించండి. కోత మిల్లు రంపం పళ్లు త్వరగా మొద్దుబారతాయి కనుక వాళ్లు కూలి ఎక్కువ అడుగుతారు, అది న్యాయమే. ఆ బద్దెలు వాసాలకు, పెండెలకు బాగా నిలుస్తాయి. ముందు బెజ్జం వేయకుండా మేకు కొడితే నిలువునా చీలుతాయి. నేలకు, తడికి దగ్గర మాత్రం పెట్టకండి. పడి చాలాకాలం నేల మీద ఉన్న మొద్దులైతే కోయించే ముందు మొదటి కొస నుంచి అడుగు ముక్క తీయించి గొడ్డలి వెనుకతో కొట్టి చూడండి. ఖంగుమంటే మిల్లుకు తోలించండి, మొద్దుగా మోగితే పొయ్యికే. సంక్రాంతి లోపు కోయించి, మందు పట్టించి పేర్చితే మే నెల మొదటికి ఆరుతాయి. జూన్ వానలకు ముందే కప్పు పడాలంటే ఆ లెక్కన డిపోకు ఇప్పుడే వెళ్లండి.